సభామందిరమున మ్రోత

గోలకొండ ఫతే దర్వాజాకడ చప్పట్లు చఱచిన, ఆ ధ్వని కొండపైనున్న బాలా హిస్సారున వినబడును. కోటకు మేలైన ఈ గుణమే సభకు కీడు. నున్నని గోడలు ధ్వనిని త్రిప్పికొట్టగా, ముందు పలికిన మాట మ్రోత తరువాతి మాటను కప్పును. వెనుక బల్లలవారికి అర్థము చెడును. యంత్రమున ధ్వని పెంచినచో మ్రోతయు పెరుగును.

1895లో హార్వర్డునందు పరిశోధనకు పూనుకొనిన వాలస్ సేబిన్ గారు మెత్తని దిండ్లు పఱపించి మ్రోతను తగ్గించి చూపిరి. మన బోరబండ చేరువనున్న ఫిలింనగరు డబ్బింగు గదుల గోడలకు మెత్తని పొరలుండుట ఇందులకే.

కావున గోడలకు దళసరి తెరలు కట్టవలెను; పంకాల చప్పుడు తగ్గింపవలెను; మైకును నోటికి చేర్పవలెను. ఆ దూరము సగమైనచో నేరుగా చేరు ధ్వని తీవ్రత నాలుగింతలగును. గది మ్రోత మాత్రము పెరుగదు.