మూర్ఛ - స్త్రీ పురుషుల్లో తేడాలు

మన ఊళ్లలో 'ఫిట్స్' అని పిలిచే మూర్ఛవ్యాధి ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉంది. మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్ సంకేతాలు పంపడం వల్ల ఇది వస్తుంది, గాలి సోకడం వల్ల కాదు. చేతిలో తాళంచెవులు పెడితే తగ్గుతుందని మనవాళ్లు నమ్ముతారు. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, పేరు మాత్రం తాళంచెవికి వస్తుంది!

లెక్కల్లో మగవారు కొద్దిగా ఎక్కువ. తలకు దెబ్బలు, మద్యం వంటి కారణాలు వారిలో ఎక్కువ కదా. అయితే ఆ లెక్కను మనం పూర్తిగా నమ్మనక్కరలేదు. సర్వేకు వచ్చినవారితో పెళ్లీడు కూతురికి మూర్ఛ ఉందని ఏ తల్లి చెబుతుంది?

కొన్ని రకాలు ఆడపిల్లల్లోనే కొంచెం ఎక్కువ. జువనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అలాంటిదే. ఇది సాధారణంగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య, అంటే సరిగ్గా హాస్టల్ వయసులో మొదలవుతుంది. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడినట్లు అదురుతాయి. బ్రష్షో, టీ గ్లాసో జారిపడుతుంది. చూసినవాళ్లు అజాగ్రత్త అనుకుంటారు. నిద్ర చాలకపోతే ఇది పెద్ద ఫిట్స్‌గా మారవచ్చు. పరీక్షలకు తెల్లవార్లూ చదివే మనం గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

స్త్రీలలో మరొక కారణం హార్మోన్లు. ఈస్ట్రోజన్ నాడీకణాలను రెచ్చగొడుతుంది, ప్రొజెస్టరాన్ శాంతపరుస్తుంది. నెలసరికి ముందు ప్రొజెస్టరాన్ హఠాత్తుగా పడిపోతుంది. అందువల్ల మూర్ఛ ఉన్న స్త్రీలలో సుమారు మూడోవంతు మందికి నెలలో కొన్ని రోజుల్లోనే ఫిట్స్ ఎక్కువగా వస్తాయి. ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసుకుని చూపిస్తే డాక్టరుకు ఎంతో ఉపయోగం.

అసలు చిక్కు మందుల దగ్గర ఉంది. పైన చెప్పిన మూర్ఛకు వాల్‌ప్రోయేట్ బాగా పనిచేస్తుంది. కానీ గర్భంలోని బిడ్డకు ఎక్కువ హాని చేసే మూర్ఛ మందు కూడా అదే. ఆ మందు వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి 10 మందికి పుట్టుక లోపాలు రావచ్చు. కాబట్టి గర్భానికి ముందే డాక్టరును కలిసి మందు మార్పించుకోవాలి, ఫోలిక్ యాసిడ్ వాడాలి. అత్తవారింట్లో తెలుస్తుందని మాత్రలు తామే ఆపేయడం ఇంకా ప్రమాదం, ప్రాణం మీదకు వస్తుంది.

ఒకప్పుడు పదేపదే మూర్ఛ రావడం హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లికి అనర్హత. 1999లో చట్టం నుంచి ఆ మాట తొలగించారు. కేరళలోని శ్రీచిత్ర సంస్థ 1998లో మూర్ఛ ఉన్న గర్భిణుల వివరాల నమోదు మొదలుపెట్టింది. వారిలో ఎక్కువమందికి పుట్టింది ఆరోగ్యవంతులైన బిడ్డలే.