తప్పుడు ప్రకటన: ఫిర్యాదు కలెక్టరుకు, జరిమానా ఢిల్లీకి

‘షుగర్‌ శాశ్వతంగా నయం’ అని తాడేపల్లిగూడెంలో గోడపత్రిక అంటిస్తే చాలు, 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం కింద నేరమే. మధుమేహం దాని షెడ్యూల్‌లోనే ఉంది. కాబట్టి చట్టాలకు కొరత లేదు, కొరతల్లా ఫిర్యాదుకే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 17వ సెక్షన్‌ ప్రకారం దాన్ని జిల్లా కలెక్టరుకే ఇవ్వొచ్చు. 2022 ఏప్రిల్‌ 4 విభజన తర్వాత గూడెం వాసికి కలెక్టరు ఉండేది భీమవరంలో, ఏలూరు జిల్లా కొల్లేటి లంకలవారికి ఏలూరులో. జరిమానా మాత్రం ఢిల్లీలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) వేయాలి: తొలిసారి 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా.

ఇలాంటి ప్రకటన నమ్మి చెరువు మందు కొన్న చేపల రైతు వ్యాపారే కదా, వినియోగదారుడెలా అవుతాడని ఒక వాదన. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్నది వాణిజ్యం కిందికి రాదని అదే చట్టం 2(7) సెక్షన్‌ వివరణే చెబుతోంది. ఇక వాక్‌ స్వాతంత్య్రమంటారా? టాటా ప్రెస్‌ కేసు (1995)లో సుప్రీంకోర్టు ప్రకటనలకూ రాజ్యాంగంలోని 19(1)(ఎ) రక్షణ ఇస్తూనే, మోసపుచ్చేవాటిని ప్రభుత్వం కట్టడి చేయవచ్చంది.