కార్మికుల నాగదేవత



అహరోను కర్ర ఫరో ఎదుట పాముగా మారిన సంగతి నిర్గమకాండములో (7:10) చదివాం. ఆ ఫరోల కిరీటం మీద కూడా పడగ విప్పిన నాగుపామే ఉండేది. అది రాజుల పాము. ఈ వారం కార్మికుల పామును గురించి తెలుసుకుందాం. గోదావరిఖని కుటుంబాలకు ఇది పరాయి కథ కాదు.

ఐగుప్తులో నైలు నదికి పడమట, నేటి లుక్సారు పట్టణానికి ఎదురుగా, దేర్ ఎల్ మెదీనా అనే ఊరు ఉండేది. ఊరు అనడం కంటే కార్మికుల కాలనీ అనడం సబబు. ఫరోల సమాధుల కోసం కొండను తొలిచేవారు భార్యాబిడ్డలతో అక్కడ కాపురముండేవారు. జీతం ధాన్యం. ఎనిమిది రోజులు పని, రెండు రోజులు సెలవు. కొండ లోపల చీకటి గనుక దీపపు వత్తులను లెక్కరాసి ఇచ్చేవారు. మన లాంపు రూము గుర్తుకు వస్తుంది కదూ! ఆ కొండ శిఖరమే వారికి దేవత. రూపం నాగుపాము. పేరు మెరెత్సెగెర్, అంటే నిశ్శబ్దాన్ని ప్రేమించేది.

క్రీ.పూ. 13వ శతాబ్దంలో నెఫెరాబు అనే పనివాడు ఆమెకు అర్పించిన రాతిపలక నేడు ఇటలీలోని తూరిను మ్యూజియంలో ఉంది. తెలివిలేక శిఖరం పట్ల తప్పు చేశానని, శిక్ష పడిందని, ప్రసవవేదన పడే స్త్రీలాగా కూర్చున్నానని, పిలిచినా గాలి రాలేదని అందులో ఒప్పుకున్నాడు. మొరపెట్టుకోగా ఆమె చల్లని గాలితో తిరిగివచ్చి కరుణించిందట. ఊపిరాడకపోవడం అంటే ఏమిటో బాయిలో దిగేవారికి వేరే చెప్పనక్కరలేదు.

పామును మొక్కాడని నవ్వకండి. అతని పశ్చాత్తాపం నిజమైనదే. అతని లెక్కతోనే చిక్కు: కష్టం వచ్చిందంటే తప్పు చేసి ఉండాలి. ఈ లెక్క మన కాలనీలను ఇంకా వదలలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఇటువంటి చావు జరిగిన ఇంటి ముందు 'ఎవరి పాపమో' అనే మాట ఎంత సులువుగా వస్తుందో మీకు తెలుసు. సిలోయములో బురుజు కూలి 18 మంది చనిపోయినప్పుడు, వారు మిగతావారి కంటే పాపులు కారని ప్రభువు తేల్చి చెప్పారు (లూకా 13:4-5). పైగా, హృదయపరివర్తన చెందమని వింటున్నవారినే హెచ్చరించారు. నీరు ఎందుకు వచ్చిందని అడగడం వేరు, ఎవరి పాపమని అడగడం వేరు.

ఆ మాటకొస్తే ఐగుప్తు కార్మికులు కూడా అన్నిటినీ దేవత మీదికి నెట్టలేదు సుమా! క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడవ రామెసెసు ఏలుబడి 29వ ఏట, ధాన్యం అందకపోయేసరికి పని ఆపి, గుడి దగ్గర బైఠాయించారు. ఆకలిదప్పులతో వచ్చామని, సంగతి ఫరోకు తెలియజేయమని అధికారులను అడిగారు. చరిత్రకు తెలిసిన మొట్టమొదటి సమ్మె అదేనంటారు. ఆ వివరాలు రాసిన పపైరసు కూడా తూరిను మ్యూజియంలోనే ఉంది.