వానా, మోటారూ, ఏడు మెగాహెర్ట్జ్

పోయిన సెమిస్టర్ చివర్లో మన క్లబ్బు మీటింగులో "మీరు రోజూ వినే తెలుగు మీద ఒక పరిశీలన రాసుకురండి" అన్నారు గుర్తుందా. సినిమా డైలాగులు ఒకరు తీసుకున్నారు, హాస్టల్ యాసలు ఒకరు తీసుకున్నారు, మీమ్స్ కోసం ఇద్దరు కొట్టుకున్నారు. నాకు ఏమీ మిగల్లేదు. సెలవులకి సామర్లకోటలో మా పెదనాన్న ఇంటికి వెళ్లాక ఆయన రేడియోలో దొరికిందే ఇది.

పెదనాన్న విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. హామ్ రేడియో లైసెన్సు ఉంది. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా పరీక్ష రాసి తెచ్చుకోవచ్చు. మన దేశపు కాల్‌సైన్లు ఎక్కువగా వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి. సంక్రాంతి వెళ్లాక మా పెద్దమ్మ పోయింది. "ఆయన ఒక్కడే ఉంటున్నాడు, మూడు వారాలు ఉండి కబుర్లు చెప్పు" అని నాన్న నన్ను పంపారు. కబుర్లు చెప్పడానికి అవతలి వాళ్లు కూడా మాట్లాడాలి కదా. నాతో ఆయన మాటలు "తిన్నావా", "ఫ్యాను వేసుకో", "ఊఁ". అంతే. పొద్దున్న ఆరున్నర అయ్యేసరికి మాత్రం సెట్టు ముందు కూర్చుని గంటసేపు మాట్లాడేవారు. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. అందుకే పక్కన కుర్చీ వేసుకుని నోటుబుక్కు తీశాను.

మొదటి పేజీలో రాసుకున్నది ఇది. పేర్లు, కాల్‌సైన్లు తీసేసి ఊళ్లు ఉంచాను.

విశాఖ: "అందరికీ గుడ్ మార్నింగ్. ఇక్కడ మబ్బుగా ఉందండి, చుక్క పడలేదు. ఒకటే ఉక్క. నిన్న మామిడికాయలు తెచ్చాం, ఇవాళ కొట్టించాలి. ఓవర్."

పెదనాన్న: "రోజర్ రోజర్. మబ్బు, ఉక్క, మామిడికాయలు, అన్నీ కాపీ. ఇక్కడ ఆరింటికే చుర్రుమంటోంది. రోహిణి ఇంకా నాలుగు రోజులుంది మరి. మోటారు మళ్లీ మొరాయించింది, కెపాసిటర్ చూడాలి. బెంగళూరు గారికి ఇస్తున్నాను. ఓవర్."

బెంగళూరు: "కాపీ అండి. ఇక్కడ రాత్రి వాన. బాల్కనీలో బట్టలు మళ్లీ తడిశాయి, మళ్లీ చీవాట్లు. ఓవర్."

ఇదీ వరస. మర్నాడూ ఇదే, ఆ మర్నాడూ ఇదే. మూడో రోజుకి "పెదనాన్నా, ఇంత పెద్ద యాంటెన్నా కట్టుకుని ఇవేనా మాట్లాడేది?" అని అడిగేశాను. ఆయన నవ్వలేదు. "రూలే అది" అన్నారు.

తమాషాకి అన్నారనుకున్నాను. కాదు. అంతర్జాతీయ రేడియో నియమాల్లో చాలా ఏళ్లపాటు ఒక నిబంధన ఉండేది: హామ్‌లు మాట్లాడుకోవాల్సింది తమ ప్రయోగాలకి సంబంధించిన సాంకేతిక విషయాలు, లేదంటే టెలిఫోనూ టెలిగ్రామూ దండగ అనిపించేంత అప్రధానమైన సొంత కబుర్లు మాత్రమే. మన 1978 నాటి నియమాల్లోకీ ఇదే వచ్చింది. వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు. టెలిఫోన్ శాఖల ఆదాయానికి గండి పడకుండా పెట్టుకున్న జాగ్రత్త అనుకోండి. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశంలో ఆ "అప్రధానం" అన్న షరతు అంతర్జాతీయ నియమంలోంచి తీసేశారు. అలవాటు మాత్రం పోలేదు. మనుషులు ముఖ్యం కాని విషయాలే మాట్లాడుకోవాలని ప్రపంచ దేశాలన్నీ కూర్చుని సంతకాలు పెట్టిన పత్రం ఇంకొకటి ఉంటుందనుకోను.

ఇక్కడ కాస్త పాఠం. బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి, 1923లో ఒక వ్యాసం రాశాడు. సమాచారం అందించడానికి కాకుండా కేవలం కలిసి ఉండటం కోసం మనుషులు మాట్లాడే మాటలకి "ఫాటిక్ కమ్యూనియన్" అని పేరు పెట్టాడు. వాతావరణం గురించిన మాటలు, ఎలా ఉన్నారన్న ప్రశ్నలు అన్నీ ఇందులోకే వస్తాయి. తర్వాత 1960లో రోమన్ యాకబ్‌సన్ భాష చేసే ఆరు పనుల్లో దీన్నీ ఒకటిగా లెక్కేశాడు. ఆయన చూపు కొంచెం మన ఈసీఈ వాళ్ల చూపు: మాట వెళ్లే చానల్ తెరిచి ఉందా లేదా అని చూసుకోవడమే ఈ మాటల పని. తెలుగులో మనకి "కుశల ప్రశ్నలు" అన్న మాట ముందే ఉంది. ఫోన్లో ఇద్దరికీ ఏమీ తోచనప్పుడు "ఇంకేంటి?" "ఏముంది, నువ్వే చెప్పాలి" "ఇంకేంటి మరి?" అని గుండ్రంగా తిరుగుతాం చూడండి, అది యాకబ్‌సన్ వింటే మురిసిపోయేవాడు. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా, ఏం కూర, అక్కడ వాన పడుతోందా" అని అడిగితే నేను స్పీకర్లో పెట్టి ల్యాప్‌టాప్ చూసుకుంటూ ఉంటాను. మీలో ఎంతమంది అదే చేస్తారో నాకు తెలుసు.

అయితే ఈ పెద్దమనుషుల రేడియో తెలుగులో ఒకటి లేదు. ఊఁ లేదు. మనం ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు వినేవాడు ఊఁ కొట్టాలి. అమ్మమ్మ కథ చెప్పేటప్పుడు ఊఁ ఆగితే కథ ఆగుతుంది. రేడియోలో అది కుదరదు. ఒకరు మైకు బటన్ నొక్కి ఉన్నంతసేపు వాళ్ల సెట్టు వినలేదు, పైగా మధ్యలో ఇంకొకరు నొక్కితే ఇద్దరి మాటా పాడవుతుంది. అందుకని ఒక మనిషి రెండు మూడు నిమిషాలు ఊఁ లేకుండా మాట్లాడాలి. వినేవాళ్లు అన్నీ గుర్తుపెట్టుకుని తమ వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాలి. "మబ్బు, ఉక్క, మామిడికాయలు, అన్నీ కాపీ" అంటే మూడు నిమిషాల ఊఁలు మూటగట్టి ఒకేసారి ఇవ్వడం. దానికోసం పెదనాన్న పక్కన చిన్న ప్యాడ్ ఉంటుంది. అందులో "విజయవాడ: గీజర్. బెంగళూరు: బట్టలు. వైజాగ్: కాయలు" అని ఉంటుంది. మర్నాడు మొదటి మాట "గీజర్ ఏమైందండీ?" నేను ఎవరి గీజర్ గురించీ రాసుకున్న పాపాన పోలేదు.

వాతావరణం మాటలు ఉత్త మర్యాద అనుకోవడం కూడా నా తెలివితక్కువతనమే. వీళ్లు వాడేది నలభై మీటర్ల బ్యాండు, అంటే ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర. తరంగం ఆకాశంలోకి వెళ్లి, 250 కిలోమీటర్ల పైనున్న ఎఫ్ పొర దగ్గర వంగి కిందికొస్తుంది. అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి పొర మాత్రం తరంగాన్ని వంచదు, మింగుతుంది. రాత్రి డి పొర ఉండదు, ఎండెక్కే కొద్దీ గట్టిపడుతుంది. తెల్లవారుజామున ఎఫ్ పొర పలచబడి ఉంటుంది కాబట్టి నిటారుగా పైకి వెళ్లిన తరంగం ఒక్కోసారి దాన్ని చీల్చుకుని వెళ్లిపోతుంది. అందుకే కొన్ని రోజులు బెంగళూరు గంటలా వినిపిస్తుంది, నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖ బావిలోంచి మాట్లాడినట్టుంటుంది. ఏడు దాటాక పొర చిక్కబడి విశాఖ లేస్తుంది. ఎండ ముదిరాక దూరపు ఊళ్లు ఒక్కొక్కటే మునుగుతాయి. ఆ గంటసేపు సూర్యుడు ఆకాశంలో చేసే పని చెవులతో వినొచ్చు. ఎక్కడో ఉరిమితే ఆ మెరుపు ఇక్కడ టపటపమంటుంది. వేవ్ ప్రాపగేషన్ పేపర్‌లో ఈ ప్రశ్న పది మార్కులకి రాసి కూడా నాకు ఇదేం తెలీదు.

యాంటెన్నా కూడా పెద్ద ఏర్పాటేం కాదు. 143ని 7.1తో భాగిస్తే దాదాపు 20 మీటర్లు వస్తుంది. అంత రాగితీగ మధ్యకి కోసి, ఒక కొస డాబా మీది పైపుకి, ఒక కొస కొబ్బరిచెట్టుకి. ఇన్సులేటర్లు పీవీసీ పైపు ముక్కలు. ఈ హాబీలో ఇంట్లో ఉన్న వస్తువుతో కానిచ్చేయడం ఒక సంప్రదాయం. హైదరాబాద్ ఇంజనీరు అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవర్ ప్రపంచమంతా హామ్‌లు కట్టుకున్నారు. అందులో కాయిల్ చుట్టడానికి నల్లా వాషర్ వాడాడాయన.

హామ్‌ల గురించి రాస్తే 2004 సునామీ చెప్పకుండా ఉండరు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది, హాబీ పనిమీద వెళ్లి. డిసెంబరు 26న ఫోన్లు పోయాయి, వాళ్ల సెట్టు మిగిలింది. ఎవరు బతికున్నారో ఇళ్లకి కబురు చేరవేశారు. గొప్ప విషయమే. కానీ ఆ ఉదాహరణ చూపించి రోజువారీ కబుర్లకి సర్టిఫికెట్ ఇప్పించడం నాకు నచ్చదు. గీజర్ గురించి అడిగినాయన తుపాను కోసం రిహార్సల్ చేయట్లేదు. గీజర్ గురించే అడుగుతున్నాడు.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం పెదనాన్న పడుకున్నప్పుడు ఆయన లాగ్‌బుక్ తిరగేశాను. తేదీ, టైము, ఫ్రీక్వెన్సీ, స్టేషను, సిగ్నల్ రిపోర్టు, చివర్న ఇతరములు. జనవరిలో పన్నెండు రోజులు ఖాళీ. తర్వాత లైను: "59. 57. మంచు. మోటారు బాగుంది." ఆ కింద ఎక్కడా పెద్దమ్మ మాట లేదు. ఐదు నెలల మంచు, ఎండ, మోటారు.

ఆ వారంలోనే మాసికం వచ్చింది. ఆ పొద్దున్న సెట్టు ఆన్ చేయలేదు. ఎనిమిదింటికి బెంగళూరాయన ఫోన్. "ఏం లేదండీ, మీరు కనబడలేదు. యాంటెన్నా గానీ పడిపోయిందేమోనని." పెదనాన్న "అబ్బే, యాంటెన్నా బానే ఉంది" అన్నారు. రెండు వైపులా కాసేపు ఏమీ లేదు. "సరేనండీ, ఉంటాను."

మర్నాడు ఎవరూ ఆ ఊసెత్తలేదు. విశాఖాయన ఆవకాయ మూడోరోజు కలిపామన్నారు. మోటారు సంగతి తేలిందా అని అడిగారు. పెదనాన్న కెపాసిటర్ మార్చిన వైనమంతా చెప్పి, ఇంకా బటన్ వదల్లేదు. "ఇప్పుడు బాగానే తిరుగుతోందండి. కానీ ట్యాంకు నిండి పొర్లిపోతోంది రోజూ. స్విచ్చి మా ఆవిడే కట్టేసేది. ట్యాంకు నిండితే పైపులో చప్పుడు మారుతుందట. ఆవిడకి తెలిసేది. నాకు తెలీట్లేదు. ఓవర్."

హామ్ భాషలో భార్యకి వేరే కోడ్ ఉంది. ఆయన అది వాడలేదు.

స్పీకర్లో ఉత్త గరగర. నాలుగైదు సెకన్లేమో. ఆ తర్వాత విశాఖ. "రోజర్. అన్నీ కాపీ అండి. ట్యాంకు నిండగానే మోగేది ఒకటి చేద్దాం. రెండు తీగలూ, ఒక ట్రాన్సిస్టరూ చాలు. రాసుకుంటారా?"

పెదనాన్న ప్యాడ్ నా వైపు తోశారు. రాసుకున్నది నేనే. బీసీ 547, తొమ్మిది వోల్ట్ల బ్యాటరీ, బజర్, బేస్‌కి ఒక రెసిస్టర్. ట్యాంకు అంచు దగ్గర వేలాడే రెండు కొసలకీ నీళ్లు తగిలితే బేస్‌లోకి కాస్త కరెంటు వెళ్తుంది, ట్రాన్సిస్టర్ ఆన్, బజర్ మోగుతుంది. రాగి కొసలైతే డీసీకి తొందరగా తినేస్తాయి, స్టెయిన్‌లెస్ స్క్రూలు పెట్టండి అని బెంగళూరు కలిపింది. అంతా ఫస్టియర్ పాఠమే. మూడో సంవత్సరం ఈసీఈ చదువుతున్న నేను సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే పెదనాన్న చూసి, "కలం కాదు నాన్నా, అది" అన్నారు. ఆ సాయంత్రం ఆయన నాతో "ఊఁ" కాకుండా మాట్లాడారు, ఎక్కువగా నా జాయింట్లు ఎందుకు పనికిరావో. మధ్యలో ఒకసారి పెద్దమ్మ మొదట్లో ఈ సెట్టుని "మీ రెండో సంసారం" అనేదని చెప్పారు.

అలారం మొదటిరోజే పనిచేసింది. డాబా మీద తీగల జాయింటుకి టేపు చుట్టాల్సింది నేను. రేపు చుడదాంలే అనుకున్నాను. మృగశిర వచ్చిన రెండో రాత్రి మూడింటికి బజర్ ఇల్లంతా లేపింది. మోటారు ఆఫ్‌లోనే ఉంది. బయటికి వెళ్లి చూస్తే వాన. జాయింటు తడిసి రెండు తీగలూ కలిశాయి. పెదనాన్న ముందు పరుగెత్తి రేడియో నుంచి యాంటెన్నా కేబుల్ ఊడదీశారు, పిడుగు భయం. తర్వాత ఇద్దరం గుమ్మంలో నిలబడ్డాం.

పొద్దున్న మెరుపులు తగ్గాక కేబుల్ పెట్టి ఆరూ నలభైకి మైకు నా చేతికిచ్చారు. లైసెన్సు ఉన్నాయన పక్కనే కూర్చున్నారు లెండి. నాకు గొంతు రాలేదు మొదట. బటన్ నొక్కి, "గుడ్ మార్నింగ్ అండి. ఇక్కడ రాత్రి మూడింటికి వాన మొదలైంది. మీ అలారమే చెప్పింది" అన్నాను. ఓవర్ అనడం మర్చిపోయాను.