పల్లీల అలర్జీ: ‘కొద్దికొద్దిగా పెడితే అలవాటవుతుంది’ అన్న మాటలో నిజమెంత?



బాసరలో మన ఇళ్లల్లో పల్లీలు లేని రోజు అరుదు. పొద్దున ఇడ్లీలోకి పల్లి చట్నీ, పండుగనాడు పులిహోర, సాయంత్రం సర్వపిండి, స్నాక్స్ బాక్సులో పల్లి పట్టీ. అందుకే పిల్లలకు పల్లీలు పడవని తెలిసినప్పుడు ఇంట్లో పెద్దలు “కొద్దికొద్దిగా పెడితే అదే అలవాటవుతుంది” అంటారు. ఇలాంటి చికిత్స నిజంగానే ఉంది. దాని పేరు ఓరల్ ఇమ్యునోథెరపీ. కానీ అది ఇంట్లో సొంతంగా చేసేది కాదు.

అలర్జీ అంటే ఏమిటి?

పల్లీలోని ప్రొటీన్‌ను రోగనిరోధక వ్యవస్థ హానికరమైనదిగా పొరబడుతుంది. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు వస్తాయి. తీవ్రమైతే ఊపిరాడదు, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు.

చికిత్స ఎలా జరుగుతుంది?

‘పాల్‌ఫోర్జియా’ అనే పల్లీ పొడి మందును 4 నుంచి 17 ఏళ్ల వారి కోసం అమెరికా ఎఫ్‌డీఏ 2020 జనవరిలో ఆమోదించింది. మొదటి రోజు డాక్టరు కళ్లెదుటే 0.5 మి.గ్రా. ప్రొటీన్‌తో మొదలుపెడతారు. అంటే ఒక్క గింజలో దాదాపు ఆరువందల వంతు! మనం వేసే చిటికెడు పల్లి పొడిలో దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. తర్వాత కనీసం రెండేసి వారాలు ఆగుతూ, డోసు పెంచిన ప్రతిసారీ క్లినిక్‌లోనే గమనిస్తూ, సుమారు ఆరు నెలల్లో రోజుకు 300 మి.గ్రా.కు, అంటే ఇంచుమించు ఒక గింజకు చేరుస్తారు.

2018లో వెలువడిన అధ్యయనంలో ఈ మందు తీసుకున్న పిల్లల్లో 67 శాతం మంది సుమారు రెండు గింజలకు సమానమైన ప్రొటీన్‌ను తట్టుకోగలిగారు. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 4 శాతమే. అయితే ఇది అలర్జీని పూర్తిగా పోగొట్టదు. పొరపాటున ఒక ముక్క నోట్లో పడినా ప్రమాదం తగ్గించడమే దీని లక్ష్యం. డోసు రోజూ తీసుకోవాలి, మానేస్తే రక్షణ తగ్గవచ్చు. చికిత్సలోనూ రియాక్షన్ రావచ్చు. ఆస్తమా అదుపులో లేని పిల్లలకు ఇది ఇవ్వరు.

మనం ఏం చేయాలి?

• అనుమానం ఉంటే అలర్జీ నిపుణుడికి చూపించండి. ఇంట్లో తినిపించి పరీక్షించకండి.
• విషయాన్ని క్లాస్ టీచర్‌కు రాతపూర్వకంగా తెలపండి. డాక్టరు రాసిచ్చిన అత్యవసర సూచనలు, మందులు స్కూల్లో ఇవ్వండి.
• ప్యాకెట్ల మీద లేబుల్ చదవండి. అలర్జీ ఉన్న పిల్లలతో లంచ్ బాక్స్ పంచుకోవద్దని మీ పిల్లలకు చెప్పండి.
• ఊపిరి ఆడకపోతే, గొంతు బిగుసుకుపోతే డాక్టరు సూచించిన అడ్రినలిన్ ఇంజెక్షన్ వెంటనే ఇచ్చి 108కు ఫోన్ చేయండి. అలర్జీ మాత్రలు, సిరప్‌లు దానికి బదులు కావు.

మీ పిల్లలకు అలర్జీ లేకపోవచ్చు. పక్కన కూర్చునే పిల్లలకు ఉండవచ్చు. ఈ నెల ఒక్కసారి ఇంట్లో అందరూ కూర్చుని ఈ విషయం మాట్లాడుకోండి.