ఆరిన దీపం – అసలు దోషం

దీపం ఆరిపోయినప్పుడు మనం సాధారణంగా అడిగే ప్రశ్న "మళ్ళీ ఎలా వెలిగించాలి?" అని. "ఎందుకు ఆరింది?" అని అడిగేవారు అరుదు. ఈ రెండు ప్రశ్నలకు గల అంతరాన్ని ఒక చిన్న అలారం దీపం నాకు బోధించింది. నేను తెలుగు ఉపన్యాసకుణ్ణి; విద్యుచ్ఛాస్త్రం నా విషయం కాదు. అయినా తెలుసుకొన్నది విద్యార్థులతో పంచుకోవడం ఉచితమని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎల్.బి.నగర్‌లోని మా ఇంట్లో మంచం పక్కన ఆ దీపం ఉండేది. పెట్టిన వేళకు అరగంట ముందు నుంచి క్రమక్రమంగా కాంతి పెంచి నిద్ర లేపడం దాని పని. ఇంట్లో పెద్దవారికి నిద్రాభంగం కలగకూడదని మా తమ్ముడు గంట మోగకుండా చేసి, వెలుగుకే లేచి పరీక్షలకు చదువుకొనేవాడు. ఒకనాడు అందులోని 6 ఎల్.ఇ.డి.లలో 3 వెలగలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మరమ్మతు చేసే ఒకాయన వాటిలో చెడిన ఒక్కదాని స్థానంలో చిన్న తీగముక్క అతికి, క్షణంలో మిగిలిన రెండింటినీ వెలిగించాడు. సంతోషించాం. కొద్ది రోజులకే ఆ రెండూ మాడిపోయాయి. సగం వెలుగుకు మెలకువ రాక, పరీక్షనాటి ఉదయం తమ్ముడు రెండు గంటల చదువు పోగొట్టుకొన్నాడు.

కారణం ఏమిటి? మా దీపానికి 12 ఓల్టుల అడాప్టర్ ఉంది. అందులో మూడేసి ఎల్.ఇ.డి.లు ఒక వరుసగా, అనగా శ్రేణి సంధానంలో ఉన్నాయి. ఒకటి తెగితే ఆ వరుసలో ప్రవాహమే ఆగిపోతుంది. అందుచేత చెడినది ఒకటైనా ఆరినవి మూడు. తెల్లని ఎల్.ఇ.డి. ఒక్కొక్కటి సుమారు 3 ఓల్టులు తీసుకొంటుంది. మూడింటికి 9 పోగా మిగిలిన 3 ఓల్టులు 150 ఓముల నిరోధకం మీద పడతాయి. ఓం నియమం ప్రకారం ప్రవాహం 20 మిల్లీ ఆంపియర్లు. ఒకదాని బదులు తీగ పెడితే నిరోధకం మీద 6 ఓల్టులు పడతాయి. ప్రవాహం ఇంచుమించు 40 మిల్లీ ఆంపియర్లవుతుంది. రెట్టింపు భారం మోసిన ఆ రెండూ వేడికి మాడక ఏం చేస్తాయి? చీకటి పోయింది గాని దోషం పోలేదు.

కావున సరైన పద్ధతి ఇది. ముందుగా ప్లగ్గు తీసివేయాలి. ఇంటి కరెంటు నేరుగా లోపలికి వెళ్ళే దీపాలను విద్యార్థులు విప్పరాదు. అన్ని దీపాలూ ఒక్కసారిగా మిణుకుమంటుంటే ముందు అడాప్టర్‌ను అనుమానించాలి. ఒక వరుస మాత్రమే ఆరితే ఆ వరుసలో వెతకాలి. 3 ఓల్టుల బిళ్ళ బ్యాటరీని ధన, ఋణ ధ్రువాలు చూసి ఒక్కొక్క ఎల్.ఇ.డి.కి తాకిస్తే మంచిది మసకగానైనా వెలుగుతుంది, చెడినది వెలగదు. దాని స్థానంలో అదే పరిమాణం, అదే రంగు గల దానిని, ధ్రువాలు తారుమారు కాకుండా, కొద్ది క్షణాలలో సోల్డరింగ్ చేయాలి. ఎక్కువసేపు కాలిస్తే కొత్తది కూడా చెడుతుంది. నిరోధకం నల్లబడి ఉంటే దానినీ మార్చాలి. ఈ భాగాలు కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో వచ్చినప్పటి నుంచి మన ప్రాంతం వారికి ఆ ప్రయాణం సులభమైంది.

ఈ చిన్న దీపం వెనుక ఎంతో కృషి ఉంది. కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని నిక్ హోలోన్యాక్ 1962లో రూపొందించాడు. తెల్లని కాంతికి అవసరమైన ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. సిద్ధించడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. అందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. అంత శ్రమ ఫలాన్ని ఒక్క తునక చెడిందని చెత్తకుప్పలో వేయడం న్యాయం కాదు. తీగముక్కతో మభ్యపెట్టడమూ న్యాయం కాదు.

విద్యార్థి మిత్రులారా! తప్పిన లెక్కకు జవాబు మాత్రం దిద్దుకొని, తప్పిన మెట్టును వదిలివేయడం కూడా తీగముక్క అతికిన మరమ్మతే. ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో తెలుసుకొని సరిచేసినదే నిలుస్తుంది. ఇప్పుడు మా దీపంలో ఆరూ వెలుగుతున్నాయి. ఈసారి టంకం వేసినవాడు మా తమ్ముడే.