ఏడు శిఖరాలు, 172 రోజులు - మల్లి మస్తాన్‌బాబు

నెల్లూరు జిల్లా అనగానే సముద్రం, పెన్నానది, వరిచేలు గుర్తుకు వస్తాయి. పడమర దిక్కున వెలికొండలు ఉన్నాయి గానీ వాటి మీద మంచు కురవడం ఎవరూ చూడలేదు. అలాంటి మన జిల్లాలో, సంగం మండలం గాంధీజనసంగం గ్రామంలో 1974 సెప్టెంబరు 3న మల్లి మస్తాన్‌బాబు గారు జన్మించారు. చాలామంది ఆయనను "ఎవరెస్టు ఎక్కిన మనిషి" అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటారు. మాకు ఎవరెస్టు కంటే 172 అనే అంకె గొప్పగా తోచింది.

ముందు చదువు సంగతి. కోరుకొండ సైనిక్ స్కూలులో చదివారు. ఆ స్కూలు పూర్వ విద్యార్థి ఉదయభాస్కరరావు గారు 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించారు. స్కూల్లో ఉన్న ఆయన విగ్రహమే మస్తాన్‌బాబు మనసులో కొండల మీద కోరికను నాటింది. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్., కలకత్తా ఐఐఎంలో మేనేజిమెంటు చదివారు. ఇంత చదివి కొండలెక్కడమేమిటని అడిగేవారు ఉంటారు. ఆ చదువు ఎక్కడ పనికివచ్చిందో చూడండి.

2006లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలను ఆయన ఈ వరుసలో ఎక్కారు: జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్, ఫిబ్రవరి 10న దక్షిణ అమెరికాలోని అకోంకాగువా (6,961 మీటర్లు), మార్చి 15న ఆఫ్రికాలోని కిలిమంజారో, ఏప్రిల్ 1న ఆస్ట్రేలియాలోని కోసియస్కో, మే 21న ఎవరెస్టు, జూన్ 13న ఐరోపాలోని ఎల్‌బ్రస్, జూలై 10న ఉత్తర అమెరికాలోని డెనాలి. కోసియస్కో ఎత్తు 2,228 మీటర్లే, నడిచి వెళ్ళి రావచ్చు. మిగిలినవి అలా కాదు. ఆనాటికి ఇది ప్రపంచ రికార్డు. ఇంకో తమాషా ఏమిటంటే, పాత క్యాలెండరు తీసి చూస్తే ఈ ఏడు తేదీలు ఏడు వేర్వేరు వారాల్లో పడ్డాయి. గురువారంతో మొదలై సోమవారంతో ముగిశాయి.

ఈ వరుస ఇష్టం వచ్చినట్లు పెట్టుకున్నది కాదు. అంటార్కిటికాలో డిసెంబరు, జనవరి నెలలే వేసవి. ఎవరెస్టు పైన పెనుగాలులు మే నెలలో కొన్ని రోజులే తగ్గుతాయి, ఆ వెంటనే రుతుపవనాలు వస్తాయి. డెనాలి మీదికి మే నుంచి జూలై వరకే ఎక్కువగా వెళ్తారు. ఒక్కచోట అదను తప్పితే ఏడాది ఆగాల్సిందే. దీనికి తోడు ఎవరెస్టు పైన గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడో వంతే. శరీరం దానికి అలవాటు పడాలంటే వారాల తరబడి కొంత ఎక్కుతూ, కొంత దిగుతూ ఉండాలి. రైతు కార్తె చూసి విత్తినట్లు ఆయన నెల చూసి కొండ ఎంచుకున్నారు.

మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు 13 ఏళ్ళ 11 నెలలు. ఆమె ఏడు శిఖరాలనూ 2022 జూన్ 5న డెనాలితో పూర్తి చేసింది. ఆమె తన దారిలో, తన వేగంతో వెళ్ళింది.

మస్తాన్‌బాబు గారు ఆండీస్ పర్వతాలను విడిచిపెట్టలేదు. 2015 మార్చి 24న అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ మీదికి ఒంటరిగా బయలుదేరారు. వాతావరణం చెడింది. ఆయన తిరిగి రాలేదు. ఒంటరిగా వెళ్ళడం ధైర్యమా, తొందరపాటా అని మా హాస్టల్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. మాలో ఎక్కువమంది అనేదేమిటంటే, తాడు కట్టుకున్న తోడు ఒక్కరున్నా కిందికి కబురు చేరేది. ఏప్రిల్ మొదటి వారంలో గానీ ఆయన దేహం కనబడలేదు. కొండ మీది నుంచి దాన్ని దించి, సముద్రాలు దాటించి, ఆ నెలాఖరుకు గాంధీజనసంగానికి తెచ్చారు. ప్రభుత్వ లాంఛనాలతో సొంత ఊళ్ళోనే అంత్యక్రియలు జరిగాయి.